ఆకుపచ్చ కాగితం మీద ఎనిమిది గళ్లు

ఎన్నికల కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యానని తెలిసిన ప్రతి తెలుగువాడూ నన్ను ఒకటే అడుగుతాడు: "మనవాళ్లు ఎటువైపండీ?" మెల్‌బోర్న్ పడమటి శివార్లలో కొత్త ఇళ్లు లేచినంత వేగంగా మనవాళ్లు పెరిగారు. ట్రుగనీనా చుట్టుపక్కల కొన్ని వీధుల్లో ఓటర్ల జాబితా చదువుతుంటే పెళ్లి శుభలేఖల పేర్లు చదువుతున్నట్టు ఉంటుంది. అందుకే రెండు పెద్ద పార్టీలకూ ఈ ప్రశ్న మీద ఆసక్తి. నాకు మాత్రం జవాబు తెలియదు. ఇరవై ఏళ్లకు పైగా ఓటర్ల జాబితాలతోనూ పోలింగ్ కేంద్రాలతోనూ గడిపిన మనిషి తెలియదంటే నమ్మరు. దాస్తున్నాడనుకుంటారు.

ఈ మధ్య మన పిల్లలు కొందరు పోలింగ్ పనికి పేర్లిచ్చారు. శిక్షణలో చెప్పనిది ఏమైనా ఉంటే రాసిపెట్టమని అడిగారు. జీతం, ప్రమోషన్లు, ఫారాల సంగతి వాళ్లకు కార్యాలయమే చెబుతుంది. నేను చెప్పగలిగింది రెండు మూడు సంగతులు. అందులో ఒకటి నా తప్పు. దాన్ని చూసిన మనిషి నా భార్య సుభద్ర. ఆమె పోయి పది నెలలైంది. ఆమె ఉండగా రాయవలసింది.

మైల ఉత్తరం

ఈ దేశంలో ఓటు వేయడం తప్పనిసరి. వేయకపోతే ఉత్తరం వస్తుంది. తగిన కారణం చెప్పాలి, లేదా జరిమానా కట్టాలి. నేను చేరిన కొత్తలో ఆ జవాబులు చదవడమే నా పని. మా అధికారి మార్గరెట్. పొట్టి మనిషి. గొంతు పెద్దది. జవాబుల్ని ఆమె రెండు ట్రేల్లో వేసేది. ఒకటి నమ్మదగినవి, ఒకటి కానివి.

ఒకరోజు ఒక ఉత్తరం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "మూర్తీ, ఇదేమిటి? ఈయన పదకొండు రోజులపాటు అశుభ్రంగా ఉన్నాడట. స్నానం చేయొచ్చు కదా?"

చదివాను. రాసినాయన ఇంటిపేరు చూడగానే అర్థమైంది. తండ్రి పోయాడు, కర్మ చేస్తున్నాడు, మైలలో ఉన్నాడు. మైలకు ఇంగ్లీషు ఏమిటో తెలియక నిఘంటువులో దొరికిన మాట రాశాడు. మార్గరెట్‌కు వివరించాను. మొత్తం విని, ఉత్తరాన్ని నమ్మదగినవాటిలో వేసింది.

"నీకన్నా బాగా టైప్ చేసేవాళ్లు ముగ్గురు వచ్చారు ఇంటర్వ్యూకి. నిన్నెందుకు తీసుకున్నాననుకున్నావ్?" అంది వెళ్లిపోతూ.

ఆ ప్రశ్నకు జవాబు అప్పుడు నాకు తెలుసు. చాలా ఏళ్ల తర్వాత, అవసరమైన ఒక్క రోజున, మరిచిపోయాను.

ఆ శనివారం

నేను రిటైరవడానికి ముందు జరిగిన ఎన్నికలవి. మనుషుల కొరత వచ్చి, ఆఫీసులో ఉండవలసిన నన్ను ఒక ప్రాథమిక పాఠశాలలోని పోలింగ్ కేంద్రానికి ఇన్‌చార్జిగా పంపారు. స్కూలు పేరు అనవసరం. సుభద్ర అక్కడ ఓటు కాగితాలు ఇచ్చే బల్ల దగ్గర ఆ ఒక్కరోజు ఉద్యోగి. భార్యాభర్తలు ఒకే కేంద్రంలో పనిచేయడం ఇక్కడ వింతేమీ కాదు. పొద్దున్నే కారులో, "ఇవాళ సాయంత్రం దాకా మిమ్మల్ని సర్ అంటాను. ఇంటికొచ్చాక అలవాటు చేసుకోకండి" అంది.

ఆమె చొక్కాకు ఒక బిళ్ల ఉండేది. తెలుగు మాట్లాడతానని, తెలుగు అక్షరాల్లోనే రాసి ఉన్న బిళ్ల. కార్యాలయమే ఇచ్చింది. పేరు, చిరునామా, ఈ ఎన్నికలో ఇదివరకే ఓటు వేశారా అన్న మూడు ప్రశ్నలు అడిగి, జాబితాలో గీత కొట్టి, కాగితాలివ్వాలి. దిగువ సభకు ఆకుపచ్చ కాగితం. ఆరోజు దానిమీద ఎనిమిదిమంది అభ్యర్థులు, ఎనిమిది గళ్లు. మొదటి ఇష్టానికి ఒకటి, తర్వాతి ఇష్టానికి రెండు, అలా ఎనిమిది దాకా నింపాలి. ఒక్కరికి మాత్రమే అంకె వేసి మిగతావి వదిలేస్తే ఆ ఓటు చెల్లదు.

మధ్యాహ్నం దాకా సజావుగా నడిచింది. బయట స్కూలు తల్లిదండ్రులు బార్బెక్యూ పొయ్యి మీద సాసేజ్‌లు కాలుస్తున్నారు. మనవాళ్ల కోసం ఉల్లిపాయ, బ్రెడ్డు విడిగా పెట్టారు. గుమ్మానికి ఆరు మీటర్ల అవతల పార్టీల వాళ్లు కరపత్రాలు పంచుతున్నారు. వాళ్లలో కిరణ్ అనే కుర్రాడు, ఐటీ ఉద్యోగి, మా వీధిలోనే ఉంటాడు. నేను క్యూ చూడ్డానికి బయటికి వస్తే అరిచాడు:

"అంకుల్! టెన్షన్ ఎందుకు అంకుల్, చిల్ అవండి. ఇక్కడ మనవాళ్ల ఓట్లన్నీ మాకే కదా! లోపల ఆంటీ కూడా ఉన్నారు!"

నలుగురు నవ్వారు. నాకు చెమట పట్టింది. ఎందుకంటే నా వెనకే బ్రెండన్ ఉన్నాడు. బ్రెండన్ ఎదుటి పార్టీ తరఫు పరిశీలకుడు. బ్యాలెట్ పెట్టె దగ్గర కూర్చుని చూసే హక్కు ఉన్నవాడు. కిరణ్ మాటలు అతనికి అర్థం కాలేదు కానీ, మా పరిచయం అర్థమైంది.

అయిదు నిమిషాల్లో నా దగ్గరికి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "మీ మూడో బల్ల దగ్గరి ఆవిడ ఓటర్లతో ఏదో భాషలో చెబుతోంది. ఏం చెబుతోందో నాకెలా తెలుస్తుంది? ఎవరికి వేయాలో చెబుతోందేమో. ఆవిడ మీ భార్యట కదా. నేను ఫిర్యాదు రాయాలా, మీరు చూసుకుంటారా?"

ఆవిడ ఏం చెబుతోందో నేను పొద్దుటినుంచీ వింటూనే ఉన్నాను. "అన్ని గళ్లూ నింపండమ్మా. ఒక్కటి వేసి వదిలేయకండి." అంతే. బ్రెండన్‌కు ఆ మాట చెప్పి, కావాలంటే పక్కన కూర్చోబెట్టి వినిపించి ఉండవచ్చు. ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చెప్పమని ఆమెతో అనవచ్చు. మార్గరెట్‌కు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది.

నేను అవేమీ చేయలేదు. తెలుగు ఇన్‌చార్జి, తెలుగు భార్య, తెలుగు కార్యకర్త అని ఫిర్యాదులో రాస్తే ఎలా కనిపిస్తుందో మాత్రమే ఆలోచించాను. మూడో బల్ల దగ్గరికి వెళ్లి వంగి, ఇంగ్లీషులో, బ్రెండన్‌కు వినిపించేలా అన్నాను: "ఇకనుంచి ఇంగ్లీషు మాత్రమే."

సుభద్ర తలెత్తింది. తెలుగులో, చాలా మెల్లగా, "ఎందుకండీ?" అంది.

"ఇంగ్లీష్ ఓన్లీ, ప్లీజ్" అన్నాను మళ్లీ.

"ఓకే, సర్" అంది. పొద్దున కారులో అన్న సర్ వేరు, ఇది వేరు.

నర్సయ్య

ఈ పేరు అసలు పేరు కాదు. కరీంనగర్ వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి స్థిరపడ్డ పెద్దాయన. డెబ్బై దాటాయి. అంతకు కొన్ని నెలల ముందే పౌరసత్వం వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కొత్త బూట్లు. కొడుకును పక్క బల్లకు పిలిచారు. ఈయన ఆ పక్కనే ఖాళీ అయిన బల్ల వదిలేసి, బిళ్ల చూసి, నేరుగా సుభద్ర ముందుకు వచ్చాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. బ్రెండన్ కుర్చీ నాకు ఇంకో వైపు.

సుభద్ర ఇంగ్లీషులో అడిగింది, ఇదివరకే ఓటు వేశారా అని.

"ఏమంటున్నవ్ బిడ్డా? తెలుగుల చెప్పు."

ఆమె మళ్లీ ఇంగ్లీషులోనే అడిగింది, ఇంకా నెమ్మదిగా.

"గీ బిళ్ల మీద తెలుగని రాసుంది గద! మరి మాట్లాడవేంది?"

ఆమె నా వైపు చూసింది. తల అడ్డంగా ఊపాను. చాలా చిన్నగా. ఆమె తప్ప ఎవరూ గమనించి ఉండరు.

పక్క బల్ల దగ్గర్నుంచి కొడుకు, "నాయినా, నో అను, నో అను. ముందే ఓటేసినవా అని అడుగుతుండ్రు" అన్నాడు.

"నో" అన్నాడు పెద్దాయన. తర్వాత ఎడమచేతి చూపుడు వేలు ముందుకు చాచాడు. సిరా చుక్క కోసం. ఇక్కడ సిరా పెట్టరు. సుభద్ర ఆ వేలు చూసి ఒక్క క్షణం ఆగింది. ఆకుపచ్చ కాగితం ఇచ్చి, పెన్సిల్ మొన గళ్ల మీద పైనుంచి కిందికి నడిపించి చూపించింది. ఒక్కొక్కటీ, ఎనిమిదీ. "నంబర్ ఎవ్రీ బాక్స్." ఆయన అన్నీ తెలిసినట్టు తలూపాడు.

ఆయన వెళ్లాక ఆమె బిళ్ల విప్పి, స్కేలు కింద పెట్టింది.

రెండు నిమిషాల తర్వాత నర్సయ్య కాగితాలు పెట్టెల్లో వేసి, నా ముందునుంచే బయటికి నడిచాడు. నేనెవరో ఆయనకు తెలియదు. మెడలో పట్టీ చూసి అధికారిననుకుని, ముఖం చూసి తెలుగువాడిననుకుని ఉంటాడు. "మంచిగున్నది సారూ, తోపులాట లేదు. ఖరాబు గాకుండ ఏసిన. ఒక్కనికే ఏసిన. ఇద్దరికేస్తె చెల్లది గద."

అక్కడ ఆయన చెప్పింది నిజం. ఇండియాలో ఒకరికి మించి గుర్తు పెడితే ఓటు పోతుంది. యాభై ఏళ్లుగా జాగ్రత్తగా వేసిన మనిషి, అదే జాగ్రత్తతో ఇక్కడ ఓటు పోగొట్టుకున్నాడు. కాగితం అప్పటికే సీలు వేసిన పెట్టెలో ఉంది. పెట్టెలో పడ్డదాన్ని తీసి మళ్లీ ఇచ్చే అధికారం ఈ దేశంలో ఎవరికీ లేదు.

"సరేనండీ" అన్నాను. తెలుగులో. ఆరోజు ఒక ఓటరుతో నేనన్న ఒకే ఒక్క తెలుగు మాట.

అప్పుడు టైము మూడు. పోలింగ్ ఆరింటిదాకా ఉంది. దీన్ని ప్రత్యేకంగా చదవండి, కొత్తగా చేరేవాళ్లు. ఒంటిగంటకు చేసిన తప్పు భయంతో చేశాను. మూడు గంటలకు దాని ఫలితం నా చెవులతో విన్నాను. దిద్దుకోవడానికి ఇంకా మూడు గంటలున్నాయి. మూడో బల్లకు పది అడుగులు. నడవలేదు. ఇప్పుడు మాట మారిస్తే బ్రెండన్ ఏమనుకుంటాడో అనుకున్నాను. క్యూలో తెల్ల చొక్కాలు, నూలు చీరలు వస్తూనే ఉన్నాయి. ప్రతి పెద్దావిడా బల్ల దగ్గర అన్నీ తెలిసినట్టు తలూపి వెళ్లేది.

దొంతర

ఆరింటికి తలుపులు మూసి, పెట్టెలు తెరిచి, పొడుగు బల్లల మీద కాగితాలు పోశాం. అభ్యర్థికొక దొంతర, చెల్లనివాటికి ఒకటి. పార్టీల పరిశీలకులు చేతులు వెనక్కి కట్టుకుని చూస్తారు. ముట్టుకోకూడదు.

చెల్లని దొంతర వేసే పని సుభద్రకు పడింది. నేను అప్పగించలేదు, వరసలో అలా వచ్చింది. ఆమె చేతులు చకచకా కదులుతున్నాయి. ఖాళీ కాగితాలు కొన్ని, బూతులు రాసినవి రెండు. తర్వాత అన్నీ ఒకే రకం. ఒక గడిలో ఒకటి అంకె, మిగిలిన ఏడూ శుభ్రంగా ఖాళీ. కొన్నింటిలో ఆ అంకె ఎంత పొందికగా ఉందో! రెండుసార్లు దిద్ది మరీ రాశారు.

బ్రెండన్, కిరణ్ ఇద్దరూ వంగి చూస్తున్నారు. కిరణ్ సాయంత్రానికి పరిశీలకుడిగా లోపలికి వచ్చాడు. ఆ ఒంటరి అంకెలు ఒకే పార్టీకి పడలేదు. ఇటూ ఉన్నాయి, అటూ ఉన్నాయి, నాలుగోవాడెవరో ఆయనకూ ఉన్నాయి. మన ఓట్లన్నీ మాకే అన్న కుర్రాడు నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఛ! ఇవన్నీ మాకు రావాల్సినవి అంకుల్" అన్నాడు. బ్రెండన్ కూడా ఇంగ్లీషులో ఇంచుమించు అదే అన్నాడు.

సుభద్ర దొంతర పూర్తిచేసి, అంచులు సరిచేసి, నా ముందు పెట్టింది. మా రెండు చేతుల మధ్య బల్లమీద నాలుగు వేళ్ల మందాన ఉంది. నేను లెక్క సరిచూసి సంతకం పెట్టాను. ఇన్‌చార్జి నివేదికలో ఆరోజు జరిగిన ఘటనలు రాయడానికి ఒక ఖాళీ ఉంటుంది. అందులో "ఏమీ లేవు" అని రాశాను.

మార్గరెట్ అడిగింది

సోమవారం పొద్దున్నే మార్గరెట్ పిలిచింది. ఆ నియోజకవర్గంలో లెక్క ఇంకా తేలలేదు. తేడా తక్కువగా ఉంది. ఆమె ముందు రెండు కేంద్రాల నివేదికలున్నాయి, ఒకటి నాది, ఇంకొకటి పక్క కేంద్రానిది.

"ఈ రెండూ ఒకే రకం వీధులు, ఒకే రకం జనం. వాళ్ల చెల్లని దొంతరకు నీది రెట్టింపు ఉంది. కారణం ఉందా?"

ఆ పక్క కేంద్రంలో ఒక పంజాబీ అమ్మాయి రోజంతా పంజాబీలో, హిందీలో చెప్పిందట. అక్కడా ఫిర్యాదు వచ్చిందట. ఆ ఇన్‌చార్జి వయసు పాతికేళ్లు. ఫిర్యాదు చేసినవాడికి కుర్చీ వేసి, ప్రతి మాటా ముందు ఇంగ్లీషులో చెప్పించి, గంటసేపు వినిపించిందట. అతనికే విసుగొచ్చి లేచిపోయాడట.

ఏమీ లేవని రాసిన గడి వైపు చూశాను. కారణాలు చాలా చెప్పొచ్చు. కొత్త ఓటర్లు ఎక్కువన్నా చాలు, నమ్మేది. తండ్రి మైల గురించి నిఘంటువు వెతికి రాసిన ఆయన గుర్తొచ్చాడు. చెప్పేశాను. బ్రెండన్, బిళ్ల, తల ఊపడం, మూడు గంటలకు నర్సయ్య అన్న మాట. అన్నీ.

మార్గరెట్ గొంతు తగ్గించి మాట్లాడటం ఆరోజే విన్నాను. "నువ్వు కాపాడింది బ్యాలెట్‌ను కాదు మూర్తీ, నిన్ను." తర్వాత నివేదిక నా వైపు తోసింది. "ఆ గడి నింపు."

నింపాను. హెచ్చరిక లేఖ వచ్చింది, అది న్యాయమే. వారం తర్వాత లెక్క తేలింది. గెలుపు తేడా నా దొంతరకన్నా ఎక్కువే వచ్చింది. ఊపిరి పీల్చుకుని మార్గరెట్‌తో అన్నాను, "అయితే ఫలితం మారలేదు."

"మారలేదు. ఆ పెద్దాయన ఓటు వేసినట్టా, వేయనట్టా?"

జాబితాలో ఆయన పేరు మీద గీత ఉంది. ఎంతమంది ఓటుకు వచ్చారన్న లెక్కలో ఆయన ఉన్నాడు. ఆయనకు ఉత్తరం వెళ్లదు, జరిమానా పడదు. ఈ శివార్లలో ఓటుకు వచ్చేవాళ్లు ఎక్కువని ఎవరైనా గొప్పగా చెబితే, నాకు ఆ నాలుగు వేళ్ల మందమే కనిపిస్తుంది.

గోంగూర, కాకరకాయ

ఇంట్లో సుభద్ర నాతో దెబ్బలాడలేదు. దెబ్బలాడి ఉంటే బాగుండేది. నెల తర్వాత ఒక ఆదివారం కమ్యూనిటీ హాలుకు కాగితాల కట్ట తీసుకెళ్లింది. ఎనిమిది గళ్లు, అభ్యర్థుల బదులు కూరగాయలు. ఇష్టం కొద్దీ అంకెలు వేయమంది. మొదటి వారం పదిమంది, తర్వాత హాలు నిండింది. కిరణ్ కూడా వచ్చి బెండకాయ తరఫున ప్రచారం చేశాడు.

మూడో ఆదివారం నర్సయ్య వచ్చాడు. గోంగూరకు ఒకటి వేసి, పెన్సిల్ కింద పెట్టాడు.

"మిగిలినవాటిక్కూడా వేయాలండీ" అంది సుభద్ర.

"కాకరకాయకు గూడనా? దాని మొఖం చూస్తెనే నాకు పడది."

"అయితే దానికి ఎనిమిది వేయండి. ఎవరు చివరో చెప్పడం కూడా మీ చేతిలోనే ఉంది."

ఆయన నవ్వుతూ నింపాడు. చివరి అంకె గట్టిగా నొక్కి వేశాడు. తర్వాత నవ్వు ఆగింది. కాగితం వైపే చూస్తూ, "మరి మొన్న నేను ఏసింది?" అన్నాడు.

సుభద్ర నా వైపు చూసింది. ఈసారి తల ఊపలేదు నేను. దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆ ఓటు చెల్లలేదని, ఆమె చెప్పబోతే ఆపింది నేనేనని చెప్పాను.

"ఆ దినమే చెప్తె ఏమయ్యేది సారూ?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఆయన లేచి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పై ఆదివారం తన పక్కింటివాళ్లు ముగ్గురిని తీసుకొచ్చాడు. నాతో మాత్రం ఎప్పుడూ ముభావంగానే ఉన్నాడు. అది ఆయన హక్కు.

చివరి కాగితం

తర్వాతి ఎన్నికలు వచ్చేసరికి నేను రిటైరయ్యాను. సుభద్ర మంచం దిగలేని స్థితిలో ఉంది. పోస్టు ఓటు కాగితాలు ఇంటికి తెప్పించాను. ఈసారి కూడా ఆకుపచ్చ కాగితం మీద ఎనిమిది గళ్లే. సాక్షి ఒకరు కవరు మీద సంతకం పెట్టాలి. సాక్షి ఓటు చూడకూడదు.

పొద్దున పదింటికి దిండ్లు ఆనించి కూర్చోబెట్టి, కింద అట్ట పెట్టి, పెన్ను ఇచ్చాను.

"అటు తిరగండి" అంది.

"నేనేగా?"

"రూల్సు మీకు నేను చెప్పాలా?"

కిటికీ వైపు తిరిగాను. ఎదురింటి ముందు ఎవరో లాన్ కోస్తున్నారు. వెనక పెన్ను చప్పుడు, ఆగడం, మళ్లీ చప్పుడు. వేళ్లలో బలం లేదు. సాయం చేయనా అని రెండుసార్లు నోటిదాకా వచ్చింది, అడగలేదు. లాన్ పని అయిపోయి ఆ మనిషి లోపలికి వెళ్లినా ఆమె ఇంకా రాస్తూనే ఉంది.

చాలాసేపటికి, "ఇక తిరగొచ్చు" అంది. కవరు అంటించి ఉంది. నేను సంతకం పెట్టాను. నలభై ఏళ్ల కాపురం. ఎవరికి వేసిందో అప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడగడానికి లేదు. మనవాళ్లు ఎటువైపని నన్ను అడిగేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నా ఇంట్లో మనిషి ఎటువైపో నాకు తెలియదు.

వెనక్కి వాలుతూ కళ్లు మూసుకుని అంది:

"ఎనిమిది గళ్లూ నింపాను. ఈ మాట చెప్పొచ్చు కదా, సర్?"

చెప్పొచ్చు అన్నాను.